ఏడుపు చీటీ

ఆ రోజు పొద్దున ఆకాశం ఉతికి పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. మబ్బు అంత బరువుగా ఇళ్ల కప్పుల మీదికి వేలాడుతున్నా ఒక్క చుక్క రాలలేదు. గాలి ఊపిరి బిగబట్టింది. తీగల మీద కాకులు వరసగా కూర్చుని, ఎగరాలో వద్దో ఒకదాన్ని చూసి ఒకటి ఆగిపోతున్నాయి. చీటీలాయన గొడుగు తీసుకుని గుమ్మం దిగాడు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి, గొడుగు మూల పెట్టేశాడు. వీధి మలుపుదాకా వెళ్లి మళ్లీ వచ్చి తీసుకున్నాడు. ఆయన వ్యవహారం అలాగే ఉంటుంది. నలభై ఆరేళ్లొచ్చినా ఏదీ ఒక పట్టాన తేల్చుకోలేడు. తేల్చుకున్నాక మాత్రం ఎద్దుల్ని కట్టి లాగినా కదలడు.

ఆయన పని చేసేది నిఘంటువు తయారయ్యే చోట. మేకులూ గొళ్లేలూ అమ్మే కొట్టు మీద రెండు గదులు. ఒక గదిలో గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా చీటీలు. ఇంకో గదిలో టైపు మిషనూ, దాని ముందు ఒకావిడా, కిటికీ పక్కన పెద్దాయనా. ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థం చెప్పే పుస్తకం అది. ఆరేళ్లుగా నడుస్తోంది. మెట్లెక్కుతుంటే కింద కొట్టాయన రోజూ అడుగుతాడు, "ఎక్కడిదాకా వచ్చారు?" అని.

"బి."

"పోయినేడూ బీయేగా."

"పెద్ద అక్షరం," అంటాడు చీటీలాయన. అంతకు మించి ఒక్క మాట పెరగదు.

ఆలస్యానికి కారణం పెద్దాయన పెట్టిన నియమం. విన్నది రాయాలి గానీ అనుకున్నది రాయకూడదు. ఒక ఇంగ్లీషు మాట పక్కన ఒక తెలుగు మాట ఎక్కాలంటే, ఆ తెలుగు మాటని బతికున్న మనిషి నోట చెవులారా విని, అన్నది అన్నట్టు చీటీ మీద రాసుకుని రావాలి. పుస్తకంలో చూశానంటే చెల్లదు. నాకు తెలుసంటే అసలే చెల్లదు. అందుకని చీటీలాయన మంగలి కొట్టు బల్ల మీదా, బస్సుల కోసం నిలబడే చోటా, ఆసుపత్రి వరసలోనూ గంటలకి గంటలు కూర్చుని వింటాడు. ఆ పనికి ఆయన సరిగ్గా కుదిరాడు. నోరు తక్కువ, చెవి ఎక్కువ.

ఆ రోజు బల్ల మీదికి వచ్చిన మాట బాల్.

"పలకడం చూస్తే ఆడుకునే బంతిలా ఉంది, అర్థం చూస్తే ఏడుపు," అంది టైపు ఆవిడ. "ఇంకా ముందు బ్లబ్బర్ ఉందన్నయ్యా. అదీ ఏడుపేనట. ఈ అక్షరం దాటేలోపు మనం కూడా మొదలుపెడతాం."

పెద్దాయన లావు పుస్తకం మీద భూతద్దం జరుపుతూ చదివి చెప్పాడు. ఇప్పటి అర్థం గొంతెత్తి ఏడవడం, గావుకేకలు పెట్టడం. ఐదారు వందల ఏళ్ల కిందట కుక్క మొరగడాన్ని ఈ మాటతో చెప్పేవాళ్లట. నడిమి కాలపు లాటిన్‌లో మొరగడానికి దీని పోలికే ఉన్న మాట ఒకటుంది. ఐస్‌లాండు భాషలో ఆవు అరుపుకి దీనికి దగ్గర మాట ఉంది. ఏది ఎక్కణ్ణించి వచ్చిందో పండితులు గట్టిగా తేల్చలేదు. ఈనాటికీ కొన్ని చోట్ల పశువులు కాసేవాళ్లు, దూడని వేరు చేసినప్పుడు ఆవు అరిచే అరుపుకి ఇదే మాట వాడతారు.

దూడ మాట వినగానే చీటీలాయన చెయ్యి చీటీల కట్ట మీద ఆగింది.

"నువ్వేం రాశావు?"

"బావురుమను అనండి."

"ఎవరంటే విన్నావు?"

"వినలేదండి. తెలుసు."

"తెలుసంటే ఎలాగయ్యా. భోరుమను ఎందుకు కాకూడదు? ఘొల్లుమను ఎందుకు కాకూడదు?"

చీటీలాయన కాసేపు నేల చూశాడు. "ఆవు అరుపైతే నాకు బాగా తెలుసండి."

"ఆవు సంగతి తర్వాత. మనిషి సంగతి కనుక్కుని రా. ఏడుపు బాగా ఎరిగిన మనిషి ఎవరైనా ఉన్నారా నీ ఎరుకలో?"

ఈసారి ఇంకాసేపు నేల చూశాడు. "ఉన్నారండి. ఒకరు."

"అయితే ఇప్పుడే బయల్దేరు. దొరక్కపోతే ఆ చోటు ఖాళీగా వదిలేసి ముందుకు పోదాం."

ఆ ఒకరు ఆయన పెద్దమ్మ. పెద్దమ్మంటే కన్నతల్లే.

ఆయనకి ఐదేళ్లప్పుడు తండ్రి తాపీ పని చేస్తూ గోడ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మంచంలో మొగుడు, తొమ్మిదేళ్ల కూతురు, పుల్లలా ఎండిపోతున్న కొడుకు. తల్లికి ఒక చెల్లెలుంది. ఆమెకి పిల్లల్లేరు, ఇంట్లో ఆరు పాడి ఆవులున్నాయి. ఒక రోజు పొద్దున చెల్లెలొచ్చి పిల్లాణ్ణి పెంచుకోవడానికి తీసుకెళ్లింది. ఆనాటి నుంచి పిన్ని అమ్మ అయింది, అమ్మ పెద్దమ్మ అయింది. నోరు నాలుగు రోజులు తడబడింది, తర్వాత అలవాటు పడింది. అక్క మాత్రం అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా అక్కే.

పెంచిన తల్లి మంచి మనిషి. కడుపు నిండా పాలు పోసింది, బడికి పంపింది. కానీ ఒక మాట తరచూ అనేది. "మా అక్క గుండె గట్టిది. నిన్ను పంపేటప్పుడు కంట తడి పెట్టలేదు. గుమ్మంలో నిలబడి చెయ్యూపి లోపలికెళ్లిపోయింది." ఆమె మెచ్చుకోలుగానే అనేది. పిల్లాడి గొంతులో మాత్రం అది చేపముల్లులా దిగింది.

కొట్టంలో ఆవుల్ని చూస్తూ పెరిగాడు. దూడని తోలుకుపోయిన రోజు ఆవు మెడ చాచి, నోరు తెరిచి, డొక్కలు లోపలికి పోయేలా అరిచేది. గడ్డి ముట్టేది కాదు. ప్రతి అరుపు తర్వాతా కాసేపు ఆగి, చెవులు రెండూ బాట వైపు తిప్పి నిలబడేది. మళ్లీ అరిచేది. గొడ్డుకి ఉన్నపాటి కూడా పెద్దమ్మకి లేకపోయిందా అనుకునేవాడు.

ఇరవై రెండేళ్లప్పుడు ఒకసారి పెద్దమ్మని చూడ్డానికి వెళ్తే ఆమె ఇంట్లో లేదు. వీధి చివర తాళాలు బాగుచేసే ముసలాయన పోయాడని వెళ్లిందన్నారు. వెతుక్కుంటూ వెళ్లి ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలి చీకటికి కళ్లు అలవాటు పడేసరికి పెద్దమ్మ నేల మీద కూలబడి, జుట్టు విడిపోయి, గొంతు చీరుకుపోయేలా ఏడుస్తోంది. ముసలాయన కూతుళ్లే ఆమెని పట్టుకుని ఓదారుస్తున్నారు. "సొంతవాళ్లకన్నా ఈవిడదే ఎక్కువైంది," అని ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఎవరు పోయినా ఆమె అంతేనట, వీధిలో పిల్లలు ఏడుపుల పెద్దమ్మ అని పేరు కూడా పెట్టారట.

తాళాలు బాగుచేసే ముసలాయనకి ఇన్ని కన్నీళ్లున్నాయి, నా వంతుకి ఒక్క చుక్క లేకపోయిందా అనుకుంటూ ఆ రోజు వచ్చేశాడు. అప్పట్నుంచీ ఆర్నెల్లకోసారి వెళ్తాడు. కూర్చుంటాడు, మంచినీళ్లు తాగుతాడు, లేస్తాడు. అడగాల్సిన మాట ఒక్కటే. ఇరవై నాలుగేళ్లుగా ఆ మాట గుమ్మందాకా వస్తుంది, ఆయనతోపాటే బస్సెక్కి వెనక్కొచ్చేస్తుంది. పెంచిన తల్లి పోయి కూడా రెండేళ్లయింది.

ఇప్పుడు జేబులో ఖాళీ చీటీ ఉంది. ఉత్త చేతుల్తో అడగలేనిది చీటీ పట్టుకుని అడగొచ్చేమో అనిపించింది. గంటన్నర బస్సు ప్రయాణంలో ఆ చీటీని నాలుగుసార్లు తీసి చూసుకున్నాడు.

పెద్దమ్మ ఉండేది అక్క దగ్గర. అక్కది బట్టలు కుట్టే దుకాణం. ముందు గదిలో మిషనూ, కత్తిరింపుల బల్లా. వెనక గదిలో కాపురం. బావగారు సరుకు తేవడానికి ఊరెళ్లినట్టున్నాడు, కనపళ్లేదు. కిటికీ వెలుగులో ఎత్తుపీట మీద కూర్చుని పెద్దమ్మ ఒక చొక్కాకి కాజాలు కుడుతోంది. డెబ్భై మూడేళ్లు. చూపు తగ్గినా సూదిలో దారం ఎక్కించమని ఎవర్నీ అడగదు.

"ఏంట్రా, ఆర్నెల్లు తిరక్కుండానే వచ్చావు?" అంది అక్క మిషను ఆపకుండా. "దారి తప్పావా?"

"పని మీద వచ్చా."

"మాతో నీకేం పని? చొక్కా కుట్టించుకోవాలా? ఉన్నదే ఇంకా చిరగలేదుగా, పెళ్లినాటిది."

"ఒక మాట కావాలి. ఏడుపు మాట."

మిషను ఆగింది. అక్క తమ్ముడి మొహం చూసి, తల్లి మొహం చూసింది. "ఏడుపులు కొనడానికొచ్చావా. అయితే సరైన దుకాణానికే వచ్చావు. అమ్మా, నీకు బేరం తగిలింది."

పెద్దమ్మ తలెత్తలేదు. "ఎలాంటిది కావాలి?" అంది. ఎన్ని గుండీలు పెట్టాలి అని అడిగినట్టే అడిగింది.

"బాగా పెద్దగా. నోరు తెరిచి, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా ఏడిస్తే ఏమంటారు?"

"ఒకటేముంది. కళ్లు మాత్రం ఏడిస్తే వలవలా. గొంతు అడ్డం పడితే వెక్కి వెక్కి. చంటిదైతే గుక్క పట్టిందంటాం. ఇంటినిండా మనుషులుండి అందరూ ఒక్కసారే ఎత్తుకుంటే ఘొల్లుమన్నారంటాం. ఒక్కదానివే కూర్చుని ఘొల్లుమనలేవు."

"బావురుమంటే?"

సూది గుడ్డలోంచి సగం పైకొచ్చి ఆగింది. "అది ఒక్కదానివే చెయ్యొచ్చు గానీ ఎదురుగా ఒకరుండాలి. పొద్దుట్నుంచీ పళ్లు బిగబట్టుకుని ఉంటావు. ఊడుస్తావు, వండుతావు, వచ్చినవాళ్లకి నీళ్లిస్తావు. అప్పుడు నీ మనిషి ఒకరు గుమ్మంలోకొస్తారు. వచ్చి ఏమీ అనరు. అంతే, కట్ట తెగుద్ది. అదీ బావురుమనడం. నీ మనిషి రాకపోతే అది లోపలే ఉండిపోద్ది."

చీటీలాయన ఆ మాటలన్నీ ఒక్కటి పోకుండా రాసుకున్నాడు. చీటీ ముందు వైపు చాలక వెనక్కి తిప్పాడు. అలా రాస్తూనే, ఈ ఇంగ్లీషు మాటకి పాత చుట్టరికం ఆవు అరుపుతో ఉందట అని చెప్పాడు.

"ఆవు ఏడవదు," అంది పెద్దమ్మ. "పిలుస్తుంది. ఏడుపైతే ఏడ్చినకొద్దీ తగ్గుద్ది. పిలుపెక్కడ తగ్గుద్ది? గొంతు పోద్దంతే."

పదిహేనేళ్లు ఆవుల మధ్య పెరిగిన మనిషి. బాట వైపు తిరిగిన ఆ చెవుల్ని ఎన్నిసార్లు చూశాడో. చూశాడే గానీ ఇలా అనుకోలేదు. పెన్సిలు వేళ్ల మధ్య రెండుసార్లు తిప్పాడు. చీటీ మీంచి చూపు తియ్యకుండా, దాన్లో ఇంకా ఏదో నింపాల్సింది మిగిలినట్టు అడిగాడు.

"నన్ను పంపిన రోజు నువ్వు బావురుమన్నావా?"

పెద్దమ్మ ఆ కాజా చివరిదాకా కుట్టి, ముడేసి, దారం పంటితో తెంపింది.

"మీ అమ్మ చెప్పలేదూ?"

"చెప్పింది. కంట తడి పెట్టలేదంది."

"ఉన్నదే చెప్పింది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. చీటీలాయన చీటీ మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఇక లేచి వెళ్లిపోదామనే అనుకున్నాడు.

"ఏడవనని దానికి మాటిచ్చాను," అంది పెద్దమ్మ.

ఆయన చెయ్యి జేబు దగ్గరే ఆగింది.

"ముందు రోజు సాయంత్రం మీ అమ్మ నా చేతులు రెండూ పట్టుకుంది. అక్కా, నువ్వు ఏడిస్తే వాడు చూస్తాడు. చూసింది వాడు మర్చిపోడు. అమ్మా అని వాడు నన్ను పిలిచినప్పుడల్లా నీ ఏడుపే వినపడుద్ది నాకు. ఏడిచేట్టయితే ఇప్పుడే చెప్పు, ఉత్త చేతుల్తో వెళ్లిపోతా, అంది. మీ నాన్న మంచంలో. నువ్వు చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నావు. దాని ఇంట్లో ఆరావుల పాలు. నేనేం చెప్పను? ఏడవనన్నాను. అది ఉన్నన్నాళ్లూ ఈ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్తే దాన్ని తక్కువ చేసినట్టుంటుంది. దాని భయం దానిది."

"నేను వెళ్లాక?"

"వెళ్లాక ఏడుద్దామనే అనుకున్నా. తలుపు వేసుకుని కూర్చున్నా. మీ నాన్న మంచంలో వింటున్నాడు. తన నడుం విరగబట్టే పిల్లాడు పోయాడని ఆయన అప్పటికే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. నేనేడిస్తే ఇక ఇటు తిరగడు. ఇదేమో నా కొంగు పట్టుకుని, ఎప్పుడేడుస్తానా తనూ ఏడుద్దామని చూస్తోంది. ఒక్క గది ఇల్లు. ఏడవడానికి చోటేది?"

"తర్వాత నెలకి పక్కవీధిలో బడి ఆయా పోయింది," అంది అక్క మిషను దగ్గర్నుంచి. ఆమె గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు. "ముఖపరిచయం కూడా లేదు మనకి. అమ్మ వెళ్లి ఆ గుమ్మంలో కూలబడింది. నాకు సిగ్గేసి కొంగు పట్టుకుని లాగా, రావే అమ్మా, అందరూ చూస్తున్నారని. మధ్యాహ్నం దాకా లేవలా."

"చావింట్లో ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు కదా," అంది పెద్దమ్మ. "పోయినవాళ్లకి ఒక నాలుగు చుక్కలు. మిగతాదంతా..." మిగతాదంతా ఏమిటో చెప్పలేదు. చొక్కా తిప్పి, ఇంకో కాజా పెట్టాల్సిన చోటు గోటితో గీసింది.

చీటీలాయన ఆ గోటి గీత వైపు చూశాడు. "తాళాల ముసలాయనకి కూడానా?"

"ఆయన మొహం కూడా నాకు గుర్తులేదు. ఆ రోజు నిజానికి ఊరికే పలకరించి వచ్చేద్దామని వెళ్లా. ఇంతలో నువ్వొచ్చి గుమ్మంలో నిలబడ్డావు. మీసమొచ్చింది. అచ్చం మీ నాన్న నిలబడ్డట్టే ఒక భుజం దించి నిలబడ్డావు. లోపల్నించి కనపడ్డావు."

ఆ రోజు ఆ గుమ్మంలో తను ఏమనుకున్నాడో చీటీలాయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నా గురించి అమ్మ నీకేం కబురు పంపింది?" అన్నాడు చివరికి.

"హాయిగా ఉన్నావని. ఒక్క రోజు కూడా బెంగ పెట్టుకోలేదని, పాలు తాగి పడుకుంటున్నావని. సంతోషించా." సంతోషించా అంటూ పెద్దమ్మ సూదిలోకి దారం పెట్టింది. దారం పక్కకి పోయింది. తడిచేసి మళ్లీ పెట్టింది. మళ్లీ పోయింది.

చీటీలాయన లేచి వెళ్లి ఆమె పీట పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా అక్క అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"పాలు తాగింది నిజమే. మిగతాది అమ్మకి తెలియదు. నేను వెళ్లిన మర్నాడు ఒక దూడని ఎవరికో ఇచ్చేశారు. ఎర్రావు దూడ. ఆవు ఒకటే అరుపు. ఇల్లంతా మార్మోగిపోయేది. అందరూ చెవులు మూసుకుని పనులు చేసుకునేవాళ్లు. నేను కొట్టంలోకెళ్లి దాని డొక్కకి మొహం ఆనించి నిలబడేవాణ్ణి. అది నోరు తెరిస్తే నేనూ తెరిచేవాణ్ణి. అది ఆపగానే ఆపేసేవాణ్ణి. మళ్లీ అది మొదలుపెట్టిందాకా ఊరుకునేవాణ్ణి. ఎవరికీ వినపళ్లా. పిల్లాడికి ఆవంటే ఎంత ప్రేమో అని అమ్మ మురిసిపోయింది."

పెద్దమ్మ సూదీ దారం ఒళ్లో పెట్టేసింది. "ఎన్నాళ్లు?"

"మూడు రోజులు. తర్వాత ఆవు మానేసింది."

పెద్దమ్మ చెయ్యి ఎత్తింది. ఐదేళ్ల పిల్లాడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడికే పోయింది ఆ చెయ్యి. నేల మీద కూర్చున్నాడు కాబట్టి ఆయన తల సరిగ్గా అక్కడే ఉంది. నెరిసిన జుట్టు మీద ఆ చెయ్యి కాసేపు ఊరికే ఉంది. సూది పోట్లకి గరుకెక్కిన వేళ్లు. ఆమె ఏడవలేదు. ఆయనా ఏడవలేదు. ఇద్దరూ ఏడుస్తారేమోనని అక్క ఎదురుచూసినట్టుంది, ఇక లాభం లేదని ఆమే కొంగుతో ముక్కు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్లింది. గిన్నెల చప్పుడైంది.

కత్తిరింపుల బల్ల మీద గుడ్డ ముక్కల్ని ఒక పక్కకి నెట్టి అక్క మూడు కంచాలు పెట్టింది. అన్నం, పొద్దుటి కూర, ఒక గిన్నెలో పెరుగు. బల్ల మీద ఎవరిదో లాగు కొలతలు సుద్దతో గీసి ఉన్నాయి. అవి చెరక్కుండా కంచాలు సర్దింది. బస్సుకి టైమవుతోందని చీటీలాయన అనలేదు. ఉండిపొమ్మని అక్కా అనలేదు. పెద్దమ్మ తన పీట లాక్కుని ఆయన పక్కన వేసుకుంది.

తిన్నారు. ఎవరికి ఏం కావాలో ఎవరూ అడగలేదు. కొంతసేపటికి పెద్దమ్మ తన కంచంలో కలిపిన అన్నంలోంచి ఒక ముద్ద చేసి ఆయన కంచం అంచున పెట్టింది. ఆయన దాన్ని చూసి, తీసుకుని తిన్నాడు. ఇంకొకటి పెట్టింది. అదీ తిన్నాడు.